తెలుగే కదా అన్నారు

నాకు ఒళ్ళు మండే మాట ఒకటుంది. "తెలుగే కదా!"

ప్రభుత్వ హైస్కూళ్ళలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి, రిటైరై చోడవరంలో ఉంటున్నాను. లెక్కల మాస్టారు నాలుగు రోజులు సెలవు పెడితే పిల్లల గతేమిటని తల్లిదండ్రులు గేటు దగ్గరికి వచ్చేస్తారు. తెలుగు టీచరు ఏడాదంతా లేకపోయినా అడిగే నాథుడుండడు. ఇంట్లో మాట్లాడే భాషకి మళ్ళీ టీచరెందుకని నా ముఖం మీదే అన్నవాళ్ళున్నారు. ఇంట్లో అందరూ అన్నం తింటారు. అంతమాత్రాన అందరికీ వండడం వచ్చేస్తుందా?

అందుకే మా ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్ ఇంటికొచ్చి, "మేడమ్, ఈసారి తెలుగుకి ట్రైనింగ్ అయిన టీచర్నే తీసుకుంటన్నాం. మీరొచ్చి ఎంచాలి" అన్నప్పుడు పొంగిపోయాను. చిక్కటి కాఫీ కలిపిచ్చాను. మా వీధిలో కనబడిన ప్రతివాళ్ళకీ, గోవాడ దగ్గర ఉన్న మా అక్కకి ఫోన్ చేసి మరీ, తెలుగు టీచర్ని నేనే ఎంచబోతున్నానని చెప్పుకున్నాను. ఆ కాఫీ తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఈ స్కూళ్ళలో పద్ధతేమిటంటే, ఉద్యోగానికి వచ్చినవాళ్ళ చేత ముందుగా డెమో క్లాసు చెప్పిస్తారు. పిల్లలు ముందు బెంచీల్లో, యాజమాన్యం వెనక బెంచీల్లో. అవి ఒంటిపూట బడుల రోజులు. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. మొదట వచ్చినవాళ్ళు గైడులో ఉన్నది అప్పజెప్పి చెమట తుడుచుకుని వెళ్ళిపోయారు. ఆఖర్న ఒక అమ్మాయి వచ్చింది. చీడికాడ అవతల పల్లె, చెరకు రైతు కూతురు. తెలుగులో ఎమ్మే చేసింది, పండిట్ ట్రైనింగ్ అయింది, టెట్ పాసైంది. బస్సు దిగి నడిచొచ్చినట్టుంది, చెప్పుల నిండా దుమ్ము.

ప్రిన్సిపాల్ విశాఖపట్నం నుంచి రోజూ కారులో వచ్చే ఆవిడ. కూర్చోమనైనా అనకుండా, "ప్లీజ్ ఇంట్రడ్యూస్ యువర్‌సెల్ఫ్" అంది.

తెలుగు పోస్టుకండీ! నేను ఊరుకోలేక, "తెలుగులో చెప్పనివ్వండి" అన్నాను.

"క్యాంపస్‌లో ఇంగ్లీషే మాట్లాడాలి మేడమ్. రూల్ అందరికీ ఒకటే" అని ఆవిడ చల్లగా నవ్వింది. ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టి, మధ్యలో తడబడి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

ఆరో తరగతి గదిలో అడుగుపెట్టాక ఆ తడబాటు ఏమైపోయిందో తెలియదు. పుస్తకం పక్కన పెట్టేసింది. "పొద్దున్న లేసి ఏటి సూసేరు? సెప్పండి" అంది. పిల్లలు బిత్తరపోయి ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ గోడల మధ్య తమ ఇంటి మాట వినడం వాళ్ళకి అలవాటు లేదు. కాసేపటికి కిటికీ పక్కన కూర్చున్న ఒక ఆడపిల్ల, "మా తాత బెల్లం వండతన్నాడండి. పొయ్యి కాడికి రావొద్దన్నాడు" అంది.

టీచరమ్మాయి ఆ మాటని ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసింది. దాని పక్కనే పుస్తకంలో ఎలా ఉంటుందో అలా రాసింది. "రెండూ మనయే. ఇది ఇంటికాడిది, అది పుస్తకంలోది. ఇక్కణ్ణుంచి అక్కడికెలా ఎల్లాలో సూద్దాం" అంది. ఇక పిల్లలు ఆగితేనా! నాది రాయండి, నాది రాయండి అని లేచి నిలబడ్డారు. వాచకం ఇస్తే రెండక్షరాలు కూడబలుక్కోలేనివాళ్ళు బోర్డు మీద తమ మాటని గడగడా చదివారు. బెల్లు కొట్టేసరికి బోర్డులో జాగా లేదు. ఒక టీచర్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో. నాకు కళ్ళు చెమర్చాయి.

"ఈ అమ్మాయి మాట్లాడితే ఎవరైనా వింటారు. మరో ఆలోచన లేకుండా తీసుకోండి" అని కరస్పాండెంట్‌తో అక్కడే చెప్పేశాను. ఆయన ఫోన్‌తో ఫొటోలు తీస్తూ తలూపాడు. ముచ్చటపడి తీస్తున్నాడనుకున్నాను.

వెళ్ళేముందు ఆ అమ్మాయి వరండాలో నా దగ్గరికి వచ్చింది. "పాఠం సెప్పడం తప్ప నాకింకేటీ వద్దండి. ఎక్కడికెల్లినా తెలుగుకి మాస్టారున్నారంటన్నారు. ఎవులా అని సూస్తే ఆటల మాస్టారు. ఈసారి మీరున్నారు కదండీ" అంది. ధైర్యంగా ఉండమ్మా, ఉద్యోగం నీదే అన్నాను.

తర్వాత స్కూలు నుంచి ఉలుకూ పలుకూ లేదు. చూసి చూసి నేనే ఫోన్ చేశాను.

"సోషల్ మాస్టారికి పీరియడ్లు ఖాళీగా ఉన్నాయి మేడమ్, ఆయనకిచ్చేసేం. తెలుగే కదా" అన్నాడు కరస్పాండెంట్.

"మరి ఆ అమ్మాయి?"

"ఇంగ్లీషు రాదు. ఆ యాస వింటే పేరెంట్స్ ఒప్పుకోరు. అలాగని వదల్లేదు మేడమ్, అడ్మిషన్లకి తీసుకున్నాం. ఊళ్ళంట తిరిగి పిల్లల్ని చేర్పించాలి కదా, అక్కడ ఆ యాస బాగా పనికొస్తాది. ఆవిడ మాట్లాడితే ఎవరైనా వింటారని మీరే అన్నారు!"

నేను మెచ్చుకున్న మాటనే తిప్పి ఆ పిల్ల మెడకి కట్టాడు. తరగతి గదిలో సిగ్గుపడాల్సిన నోరు, ఊళ్ళోకెళ్ళి పిల్లల్ని పోగుచేసుకురావడానికి మాత్రం ముద్దొచ్చిందా? ఇంత అన్యాయాన్ని ఆ మనిషి ఏదో మేలు చేసినట్టు చెబుతున్నాడు. తిడదామనుకునేలోపే, మీటింగుందని ఫోన్ పెట్టేశాడు.

ఎండలు ముదిరాక అక్కని చూడ్డానికి వెళ్ళాను. అక్క మనవరాలిని ఆ ఏడు ఏ బళ్ళో వెయ్యాలా అని ఇంట్లో తర్జనభర్జన. మేం వీధి అరుగు మీద కూర్చుని ఆ మాటే అనుకుంటుంటే, మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి చేతినిండా పాంప్లెట్లతో ఆ అమ్మాయే దిగింది. నన్ను చూసి అరుగు ముందే నిలబడిపోయింది. వెనక్కి వెళ్ళలేదు, ముందుకి రాలేదు. అక్కే చెయ్యి చాచి కాగితం అందుకుంది.

నేనూ తొంగిచూశాను. "నిపుణులు ఎంపిక చేసిన, అర్హతగల భాషా ఉపాధ్యాయులు" అని రంగుల్లో వేశారు. ఆ నిపుణులు నేనేనన్నమాట! కింద ఫొటో. అదే గది, అదే బోర్డు, చాక్‌పీస్ పట్టుకుని ఈ అమ్మాయే. బోర్డు మీద మాత్రం ఆమె రాసిన ముక్క ఒక్కటీ లేదు. తెలుగంతా చెరిపేసి, పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు అచ్చేయించారు.

అక్క ఫొటోనీ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది. "ఇందులో ఉన్నది నువ్వే కదేటమ్మా?"

"నేనేనమ్మా."

"అయితే మా గుంటకి తెలుగు నువ్వే సెప్తావు. నీ మాట బాగుంది తల్లీ, మన మాటలాగుంది. ఈ బళ్ళోనే ఏసేస్తాం."

ఊఁ అంటే చాలు. ఎవరడిగినా ఊఁ అనమని చెప్పే పంపి ఉంటారు. ఆటోలోంచి డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, తల దించుకుంది.

"లేదమ్మా, నేను సెప్పను. నన్ను ఈ పనికే పెట్టుకున్నారు."

"అదేటి? నీకు సెప్పడం రాదేటి?"

"వచ్చునమ్మా" అంది. పాంప్లెట్లు గుండెకి అదుముకుని వెళ్ళి ఆటో ఎక్కింది. మైకులో స్కూలు పేరు అరుచుకుంటూ ఆటో పక్క వీధిలోకి తిరిగింది.

అక్క ఆ కాగితాన్ని నా ఒళ్ళో పెట్టింది. "ఒసే, టీచర్ని నువ్వే ఎంచుతావని ఫోన్‌లో సెప్పేవు కదా. మరి తెలుగుకి ఎవుల్ని పెట్టేరు?"

"ఎవుల్నీ పెట్టలేదక్కా" అన్నాను.