బైరాగి, నీటికాకులు

బైరాగికి పుట్టుకతో పక్షుల మీద పగేమీ లేదు. బారువ దగ్గర సముద్రం ఒడ్డున పెరిగినవాడు. వలల మీద వాలే కొంగల్నీ గద్దల్నీ చూస్తూనే పెద్దవాడయ్యాడు. పగంతా కలకత్తాలో, ఆ క్లబ్బులో చేరాకే మొదలైంది.

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకుల వెనక ఇంగ్లీషువాళ్ళ కాలంలో తవ్విన పెద్ద మడుగు ఒకటి ఉండేది. దాని ఒడ్డున తెరచాప పడవల క్లబ్బు. డాకులో సరుకు దించుతుండగా గొలుసు తెగిపడి బైరాగి కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. లెఫ్ట్ ఫ్రంట్ గెలిచిన కొత్తరోజులవి. యూనియన్ వాళ్ళు గట్టిగా నిలబడి అతనికి క్లబ్బులో పడవలు చూసే పని ఇప్పించారు. నీళ్ళ నడుమ తాళ్ళతో కట్టిన పడవలు వారమంతా కదలకుండా ఉండేవి. ఆదివారం బాబులు వచ్చి తెరచాపలెత్తి సరదాగా తిరిగి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో అవి నీటికాకుల సొత్తు.

తెల్లవారేసరికి ప్రతి తెరచాప కొయ్య మీదా ఒకటి ఉండేది. మునిగి చేపను మింగి, పైకెక్కి, తడిసిన రెక్కలు రెండువైపులా బార్లా చాపుకుని ఆరబెట్టుకునేది. కింద పడవ మీద రెట్ట. మామూలు కాకి రెట్టలాంటిది కాదది. కుళ్ళిన చేప కంపు. ఎండ ఎక్కేలోపు కడిగేస్తే సరి, లేకపోతే సున్నంలా బిగుసుకుపోయేది. కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది బైరాగి మిగిలిన వేళ్ళ చర్మం కూడా ఊడిపోయింది.

చేయని ప్రయత్నం లేదు. పాత క్యాసెట్ల టేపు లాగి కొయ్యకీ కొయ్యకీ మధ్య కట్టాడు. గాలికి అది జుయ్యిమని పాడుతుంటే నాలుగు రోజులు దూరంగా ఉన్నాయి, తర్వాత దాని పక్కనే కూర్చున్నాయి. డబ్బాలు కట్టాడు. అడ్డకొయ్యల మీద ముళ్ళతీగ చుట్టాడు, తెరచాప చిరిగిందని తిట్లు తిన్నాడు. ఒక మెంబరు విలాయత్ నుంచి ప్లాస్టిక్ గుడ్లగూబ తెచ్చాడు. రెండో వారం దాని నెత్తిమీదే నీటికాకి రెక్కలారబెట్టుకుంటూ కనిపించింది.

ఒక ఆదివారం క్లబ్బు సెక్రటరీ సేన్‌గుప్తా బాబు బావగారు ఢిల్లీ నుంచి వచ్చాడు. తెల్ల ప్యాంటు వేసుకుని పడవెక్కి కూర్చున్నాడు. లేచేసరికి ప్యాంటు వెనకంతా మరకలు. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సేన్‌గుప్తా ముఖం ఎర్రబడింది.

"ఘుమోచ్ఛిలే నాకి?" అని అరిచాడు అందరి ముందూ. "నిద్రపోతున్నావా? పిట్టల్ని తోలలేనివాడివి, నీకెందుకు జీతం?"

బైరాగి తల వంచుకున్నాడు. వంచుకున్న తల పక్కకు తిప్పితే, అవతలి ఒడ్డు మెట్ల మీద కాసులమ్మ కనిపించింది. మడుగు మెట్ల మీద కత్తిపీట వేసుకుని గిరాకీల చేపలు తోమి కోసిచ్చే మనిషి. ఆమెదీ బారువ పక్క ఊరే. మొగుడు డాకులోనే పనిచేసి పోయాడు. చేప పేగులు గుప్పెడు తీసి నీళ్ళలోకి విసిరింది. గద్దలు, కాకులు గుంపుగా దిగాయి.

"ఆ ఆడమనిషి వల్లే బాబూ," అన్నాడు బైరాగి బెంగాలీలో. "ఆ కుళ్ళుకి పిట్టలన్నీ ఇక్కడే మరుగుతున్నాయి."

నీటికాకి చచ్చిన చేపను ముట్టదు. బతికున్నదాన్ని మునిగి పట్టుకుంటుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. కానీ ఆ క్షణంలో నెపం ఇంకెవరి మీదికో పోవాలి, పోయింది.

మర్నాడు మెట్ల దగ్గరికి వెళ్ళాడు. "సెల్లీ, ఆ పేగులు నీళ్ళల్లో ఇసరకు. నా పడవలు పాడైపోతన్నాయి."

కాసులమ్మ ముందు నవ్వింది. "మరెక్కడ ఇసరమంతావన్నా, నా నెత్తిమీదా?"

"నవ్వులాటనుకుంతన్నావేటి? నన్ను పదిమందిలో తిట్టినారు."

"నిన్ను తిడితే నాకేటి? నీ పడవల మీద కూకున్నవి నీటికాకులు. నీటికాకి సచ్చిన సేప తింటాదేటి? సంద్రం ఒడ్డున పుట్టినోడివి, తెల్దేటి నీకు?"

మెట్ల మీద ఉన్న ఆడవాళ్ళంతా నవ్వారు. అబద్ధం చెప్పినందుకు కాదు, అది అబద్ధమని ఆమెకు తెలిసినందుకు బైరాగికి ఒళ్ళు మండింది. కాలితో బుట్టను ఒక్క తన్ను తన్నాడు. అందులో ఎవరో గిరాకీ ఇచ్చి వెళ్ళిన ఇలిస చేప మెట్ల మీద జారి, బుడుంగున నీళ్ళలో మునిగింది.

కాసులమ్మ లేచి నిలబడింది. చేతిలో చేప పొలుసులు మెరుస్తున్నాయి. "ఓరి బైరాగీ! ఈపాలి నా బుట్ట మీద కాలెయ్యి, ఈ కత్తిపీట మీదే ఆ కాలు కోసిస్తాను!" అంది.

తెల్లారి అతను పనికొచ్చేసరికి క్లబ్బు చెక్క రేవు పొడవునా పేగులు, మొప్పలు, రక్తం. బోర్లించిన పడవ మీద కూడా. ఆకాశం నిండా గద్దలు. బైరాగి ఆ కుళ్ళంతా తట్టకెత్తుకుని ఆమె బస్తీకి వెళ్ళి గుమ్మంలో కుమ్మరించాడు. అతని చొక్కా ఆమె పట్టుకుంది, ఆమె జుట్టు అతను పట్టుకున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు విడదీశారు.

తగవు వార్డు నాయకుడు నిర్మల్‌దా దగ్గరికి చేరింది. ఆయన టీ తాగుతూ ఇద్దరి మాటా విన్నాడు. "ఈ మద్రాసీలు ఒకళ్ళనొకళ్ళు పీక్కుతింటారు," అన్నాడు పక్కవాడితో. తర్వాత బైరాగి వైపు తిరిగాడు. "ఆమె గరీబు మనిషి. నువ్విప్పుడు బాబుల మనిషివి. మెట్లు అందరివీ. వెళ్ళు."

డాకులో ఎర్రజెండా పట్టుకుని లాఠీ దెబ్బలు తిన్నవాడు బైరాగి. బాబుల మనిషి అన్న మాట ఎముకలో దిగింది. అలాగే కానీ అనుకున్నాడు. నేరుగా సేన్‌గుప్తా దగ్గరికి వెళ్ళి, ఆ మెట్లు మూయిస్తే తప్ప పక్షుల పీడ వదలదని చెప్పాడు. మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

సేన్‌గుప్తాకి నిర్మల్‌దాతో ఎలా మాట్లాడాలో తెలుసు. వార్డు కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుకోవడానికి క్లబ్బు వెనక ఖాళీ స్థలం ఇస్తామన్నాడు. వర్షాలు వెనకపట్టేసరికి మెట్లకు అడ్డంగా ఇనుప కంచె లేచింది. అందరివీ అన్న మెట్లు ఎవరివీ కాకుండా పోయాయి.

కంచె బిగించిన రోజు కాసులమ్మ ఊచలు పట్టుకుని నిలబడింది. ఆమె వెనక, అక్కడే చేపలు కోసుకునే మిగతా ఆడవాళ్ళు. బైరాగి రేవు మీద నుంచి చూస్తున్నాడు, కావాలనే కనిపించేలా నిలబడి.

"నీకు తెలుసురా," అంది ఆమె. అరవలేదు. నీళ్ళ మీదుగా ఆ మాట స్పష్టంగానే వచ్చింది. "అన్నీ తెలిసే సేసినావు."

గద్దలు తగ్గాయి, కాకులు తగ్గాయి. నీటికాకులు ఒక్కటీ తగ్గలేదు. చలికాలం వచ్చేసరికి ఇంకా పెరిగాయి. సేన్‌గుప్తా ఒకరోజు వేలు చూపించి, "ఇప్పుడెవరి వల్ల?" అని అడిగాడు.

ఆ మాట పడ్డ కోపంలో బైరాగి ఉండేలు పట్టాడు. వేళ్ళు లేని చేత్తో రబ్బరు పట్టు చిక్కేది కాదు, రాళ్ళన్నీ నీళ్ళలో పడేవి. చివరికి ఒకటి తగిలింది. ఆ పక్షిని కాళ్ళకు తాడు కట్టి సెక్రటరీ పడవ కొయ్యకే తలకిందులుగా వేలాడదీశాడు. మర్నాడు దానికి జానెడు పైన ఇంకొకటి కూర్చుని, రెక్కలు చాపి, కింద దాని మీదే రెట్ట వేస్తోంది. బైరాగి పీచు, బకెట్టు తీసుకుని పడవ మీదికి వెళ్ళాడు.

ఇంట్లో భార్య జగ్గమ్మ అతనితో మాట్లాడ్డం తగ్గించింది. ఒకసారి మాత్రం కంచం ముందు పెడుతూ అంది. "పిట్ట రెట్టకి ఆడమనిసి కూడు తీసినావు. ఇప్పుడా మనిసి బుట్ట నెత్తినెట్టుకుని మెటియాబ్రూజ్ దాకా నడిసెళ్తంది. మోకాళ్ళు వాసిపోనాయంట."

"నన్ను ముందు ఎవులు తిట్టించినారు? అది నవ్వలేదేటి?"

"నవ్వినాది. నవ్వితే?"

అతను కంచం దగ్గరికి లాక్కుని తిన్నాడు.

రెండేళ్ళ తర్వాత బస్తీలో గురువులు అనే అతని కూతురి పెళ్ళయింది. డాకుల్లో పనిచేసే తెలుగువాళ్ళంతా కూడారు. రోడ్డు మీదే పందిరి, వరసగా విస్తళ్ళు. వడ్డించే ఆడవాళ్ళలో కాసులమ్మ ఉంది. చిక్కిపోయింది, కుంటుతోంది. అన్నం బేసిన్ నడుముకి ఆనించుకుని ఒక్కో విస్తరి ముందూ వంగుతోంది. "తినండి బావూ," "ఇంకొంచెం ఎయ్యనా మావా?" అంటూ అందరితో నవ్వుతూ మాట్లాడుతోంది. దగ్గరికొస్తుంటే బైరాగి విస్తరి మీద నీళ్ళు చిలకరించి, చేత్తో తుడిచి, సిద్ధంగా కూర్చున్నాడు.

ఆమె అతని అటు పక్కవాడికి వడ్డించింది. ఒక అడుగు వేసింది. ఇటు పక్కవాడికి వడ్డించింది.

చూడనట్టు వెళ్ళిపోలేదు. బైరాగి ముఖంలోకి నేరుగా చూసే వెళ్ళింది. పక్కవాళ్ళు గమనించారు. పిలిచి అడిగితే పదిమందీ వింటారు. లేచి వెళ్ళిపోతే పదిమందీ చూస్తారు. వెనకనే పప్పు వడ్డించేవాడు హడావిడిగా వచ్చి, చూసుకోకుండా ఖాళీ విస్తట్లో గరిటెడు పప్పు పోసి వెళ్ళిపోయాడు. అది ఆకు మీద అంచు దాకా పారింది.

బైరాగి దాన్ని మిగిలిన వేళ్ళతో మధ్యకు తోసుకుని, ఉత్త పప్పే తినడం మొదలుపెట్టాడు.