కంప్యూటరు డ్రైవర్లతో మా వియ్యంకుడి తగువు

మా వియ్యంకుడు మనుషులతో గొడవపడి ఎరగడు. ఆయన తగువులన్నీ వీడియో గేములో కార్లు నడిపే కంప్యూటరు డ్రైవర్లతోనే.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన డ్రైవింగు స్కూల్లో మాస్టారు. ఒక శిష్యుడు కారును తిన్నగా సెలూన్లోకి దూర్చి, అద్దం ముందున్న కుర్చీ పక్కన నిలిపితే, "బాగా ఆపావు బాబూ. రేపటినుంచి గుమ్మం బయటే ఆపుదాం" అన్నాడట. ఎలాగూ లోపలికి వచ్చాడు కదా అని సెలూనతను ఆ శిష్యుడికి గడ్డం గీసి పంపాడని కూడా చెప్తారు. చెప్పేది నేనే అనుకోండి.

అంతటి శాంతమూర్తి, రిటైరయ్యాక భోజనాల బల్లకు ఆట స్టీరింగు ఒకటి బిగించుకుని, కాళ్ల దగ్గర పెడళ్లు పెట్టుకుని టీవీ ముందు కూర్చున్నాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో వినపడని తిట్టు లేదు.

"ఒరేయ్, వెనకా ముందూ చూసుకోవా? ఆ మలుపులో ఓవర్‌టేకేంట్రా? నీకు లైసెన్సిచ్చిన మహానుభావుణ్ణి ఒక్కసారి చూపించరా, దణ్ణం పెట్టుకుంటాను."

రేసులో కూడా ఆయన తిరిగే ముందు కుడిచెయ్యి బయటికి చాపి సైగ చేసేవాడు. ఆ చెయ్యి తగిలి ఉప్పు డబ్బా దొర్లేది. ఆయన అరుపులకు జడిసి వీధిలో పోయే నిజం కార్లు కూడా ఆ ఇంటి ముందు నెమ్మదించేవి.

"బావగారూ, మీరే న్యాయం చెప్పండి" అనేవాడు, పక్క వీధినుంచి రోజూ వచ్చి కూర్చునే నాతో. "నేను ముందుంటే వీళ్లకు ఎక్కడలేని జోరూ వస్తుంది. గాలిలో ఎగిరొచ్చి పట్టుకుంటారు. నేను వెనకబడ్డానా, ఊరేగింపులో నడిచినట్టు నడుస్తారు. గెలవనివ్వరు, ఓడనివ్వరు."

"నేను పనిచేసిన ఆఫీసూ అంతే బావగారూ" అన్నాను.

"పైగా అందరికీ ఒకటే దారి. గీత గీసినట్టు దానిమీదే పోతారు. ఆ దారిలో మనం ఉంటే పక్కకు తప్పుకోవడం వాళ్ల వంశంలో లేదు, వచ్చి గుద్దడమే. గుద్దేది వాడు, జరిమానా నాకు."

అందరికంటే ఎక్కువగా గుద్దేది ఒక ఎర్ర కారు. దానికి ఆయన 'అల్లుడు' అని పేరు పెట్టాడు. "వేళాపాళా లేకుండా వచ్చి మీద పడతాడు, మనమే సర్దుకోవాలి" అని వివరణ ఇచ్చాడు. నేను ఉప్పు డబ్బా లేపి నిలబెట్టాను. నాకున్న ఒక్కగానొక్క అల్లుడు ఆయన కొడుకే కదా.

ఈ యుద్ధం ఇలా సాగుతుండగా మా అమ్మాయికి, అంటే ఆయన కోడలికి, ఒక చిక్కు వచ్చిపడింది. ఆసుపత్రిలో నర్సు తను. ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్న హెడ్ నర్సు పోస్టు వచ్చింది, కానీ తెల్లవారుజాము డ్యూటీ. ఆ వేళకు బస్సుల్లేవు. మా అల్లుడిది రాత్రి డ్యూటీ, అప్పటికి ఇల్లు చేరడు. మా వియ్యంకుణ్ణి చీకట్లో కారు నడపొద్దని కళ్ల డాక్టరు చెప్పాడు, నాకు డ్రైవింగే రాదు. కాబట్టి తనే కారు నడుపుకుని వెళ్లాలి. నెలాఖరులోగా లైసెన్సు రాకపోతే పోస్టు ఇంకొకరికి ఇస్తామన్నారు.

ఖాళీ రోడ్డు మీద మా అమ్మాయి బ్రహ్మాండంగా నడుపుతుంది. వెనకనుంచి ఏదైనా హారను కొట్టుకుంటూ వచ్చిందంటే మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీదనుంచి తీసేస్తుంది. మొదటి టెస్టులో పక్కనున్న ఆఫీసరు కేక పెట్టాడు. రెండో టెస్టులో ఆయన కూడా కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత కారెక్కమంటే తనకు తలనొప్పి వచ్చేది. "పోతే పోయింది నాన్నా, పాత డ్యూటీయే హాయి" అనేది. అంటూనే హెడ్ నర్సు బ్యాడ్జి సొరుగులోంచి తీసి, చూసుకుని, మళ్లీ లోపల పెట్టేది.

కోడలి ఉద్యోగం ఇలా ఊగిసలాడుతుంటే డ్రైవింగు మాస్టారైన మామగారు ఏం చెయ్యాలి? ఈయన సాయంత్రం కాగానే ఆటకు కూర్చునేవాడు. అది చాలదని, డ్యూటీనుంచి అలిసొచ్చిన పిల్లను పిలిచేవాడు.

"అమ్మా, చెయ్యి లాగేస్తోంది. ఈ ఒక్క రౌండూ నువ్వు పట్టుకో. నేను నిమ్మళంగా వీళ్లను తిట్టుకుంటాను."

"నాకెందుకండీ మామయ్యగారూ ఇవన్నీ?"

"గెలవక్కర్లేదమ్మా. నడిమధ్యలో నెమ్మదిగా పో, చాలు."

నడిమధ్యలో నెమ్మదిగా పోయేసరికి మంద మందంతా వచ్చి వెనకనుంచి గుద్దేది. పిల్ల కళ్లు మూసుకునేది. ఈయన తిట్లు అందుకునేవాడు. ఆ తిట్లకు నవ్వొచ్చి కళ్లు తెరిచేది. కొన్నాళ్లకు తనూ మొదలుపెట్టింది. "చూశారా మామయ్యగారూ, మళ్లీ వచ్చాడు అల్లుడు. ఏరా, కళ్లు నెత్తిమీదున్నాయా?"

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు కాన్వెంటు బడిలో సిస్టర్లు నేర్పిన మర్యాద అడ్డొచ్చి ఆయన్ను నిలదియ్యలేదు గానీ, ఒక మధ్యాహ్నం ఆయన మందుల షాపుకు వెళ్లినప్పుడు, ఈ ఆట సంగతేమిటో తేలుద్దామని నేనే స్టీరింగు పట్టాను. కాసేపట్లో గుట్టు తెలిసిపోయింది. కారును కాస్త ఎడమకు జరిపితే చాలు, ఒక్కడూ తగలడు. నేను మొదటి స్థానంలో వచ్చాను. దీనికి సాక్షులు లేరు.

ఆయన రాగానే విజయగర్వంతో సంగతి చెప్పాను. ఆయన వెళ్లి, అప్పుడే డ్యూటీనుంచి వచ్చిన అమ్మాయికి వినపడకుండా వంటింటి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అమ్మాయితో అనలేదు కదా బావగారూ?"

"లేదు. ఏం?"

"అనకండి. ఎడమకు జరిగితే తగలరని నాకు ఈ ఆట కొన్న రోజే తెలిసింది."

"తెలిసీ ఆ పిల్లచేత రోజూ గుద్దించుకుంటున్నారా?"

"మరి గుద్దించుకోవాలి కదండీ. వెనకనుంచి ఏది వచ్చి మీదపడినా చేతులు స్టీరింగు మీదే ఉండాలి. నిజం రోడ్డు మీద ఈ పాఠం చెప్పాలంటే ఎవణ్ణి గుద్దమనను? వీళ్లయితే పిలవకుండానే వస్తారు, ఎన్నిసార్లు గుద్దినా అలిసిపోరు."

"ఆ తిట్లో?"

"తిట్టేటప్పుడు కళ్లు మూసుకోలేం బావగారూ. ఎవణ్ణి తిడుతున్నామో చూసుకోవాలి కదా."

నేను స్టీరింగు ముందునుంచి లేచి, కుర్చీ ఆయనకిచ్చాను.

టెస్టు రోజు మేమిద్దరం టెస్టు పెట్టే రోడ్డు పక్కన గోడవారగా నిలబడ్డాం. అమ్మాయి కారు సగం దూరం పోయిందో లేదో, వెనకనుంచి ఒక వ్యాను హారను మోగించుకుంటూ మీదమీదకు వచ్చింది. మా వియ్యంకుడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ మోచెయ్యి ఇంకా పూర్తిగా నా స్వాధీనంలోకి రాలేదు. కారు మాత్రం వంకర పోలేదు. వ్యాను పక్కనుంచి దూసుకుపోయింది. దూరానికి మాటలు వినపడలేదు గానీ, మా అమ్మాయి పెదవులు చాలాసేపు కదిలాయి.

పాసైంది.

"ఆఫీసరు ఏమన్నాడమ్మా?" అని ఆత్రంగా అడిగాడు మా వియ్యంకుడు.

"ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారమ్మా అన్నాడండీ. మా మామయ్యగారి దగ్గరే అన్నాను."

"డ్రైవింగు గురించే కదమ్మా అడిగింది?"

"తిట్ల గురించండీ."

ఇంటికి అమ్మాయే నడిపింది. జీవితంలో ఏ శిష్యుడి కారులోనూ రెప్పవాల్చని మనిషి, వెనక సీట్లో నా భుజమ్మీద తల పెట్టి గుర్రు కొట్టడం మొదలుపెట్టాడు. ఒక మోటారు సైకిలువాడు మమ్మల్ని రాసుకుంటూ పోయాడు. అమ్మాయి వాణ్ణి ఏదో అంది. ఆయన కళ్లు తెరవకుండానే, బాగుందన్నట్టు తలూపాడు.