శుక్రవారం జడ

మొన్న మా కోడలు బజారు నుంచి సాంబ్రాణి కప్పులు తెచ్చి, వీటికి దోమలు పోతాయట అత్తయ్యా అంటూ హాల్లో ఒకటి వెలిగించింది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు అనుకున్నాను గాని, అదంతా చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను.

తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక చిన్న పరిశోధనశాలలో సహాయకురాలిగా చేశాను. బోదకాలు తెచ్చే దోమ మనిషి వాసనను ఎలా పసిగడుతుంది, ఆ కబురు దాని నరాల్లో ఎలా నడుస్తుంది అన్నది మా మేడమ్‌గారి పరిశోధన. మురుగుకాలువల్లోంచి దోమపిల్లలను డబ్బాల్లో పట్టుకొచ్చి పెంచడం, పెద్దయిన దోమను ఐసు మీద మత్తుగా పడుకోబెట్టి, భూతద్దం కింద దాని మీసానికి వెంట్రుకకన్నా సన్నటి తీగ తగిలించి, మా అటెండరుగారు విప్పిన చెమట బనీను వాసనను గొట్టంలోంచి దాని మీదికి ఊది, దాని నరం స్పందనకు యంత్రం కాగితం మీద గీసే గీత ఎంత లేచిందో పుస్తకంలో రాయడం నా పని. ఊరంతా దోమల్ని చంపుకుంటుంటే మీరు మేపడమేంటని మా మేనత్త ఎగతాళి చేసేది. పది దోమల్లో ఒక్కటి సరిగ్గా కుదిరితే గొప్ప. మెడ పట్టేసి, కళ్ళు మండి, సాయంత్రానికి మాట్లాడే ఓపిక కూడా మిగిలేది కాదు.

ఆ ఏడు ఒక చిక్కు వచ్చిపడింది. వారమంతా చక్కగా లేచే గీత శుక్రవారం మాత్రం లేచేది కాదు. యంత్రాన్ని అనుమానించాం, కరెంటును అనుమానించాం, పాపం ఆ బనీనునూ అనుమానించాం. నెలాఖరుకు నివేదిక పంపితేనే ప్రాజెక్టు పొడిగిస్తారు. లేకపోతే నా ఉద్యోగమూ, మేడమ్‌గారి ఆరేళ్ళ కష్టమూ అక్కడితో సరి. ఇక చేసేదిలేక శుక్రవారాలతో సహా అన్ని రోజులూ కలిపి సగటు తీసి పంపుదామని ఆవిడ నిశ్చయించుకున్నారు.

ఒక శుక్రవారం భూతద్దం మీదికి వంగితే నా జడ ముందుకు జారి దోమ పక్కనే పడింది. గుప్పున సాంబ్రాణి వాసన. మా ఇంట్లో శుక్రవారం తలంటు తప్పదు. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, బుట్ట బోర్లించి, దాని మీద నా తడిజుట్టు పరిచి, పొగ బాగా పట్టేదాకా అమ్మ గడప దాటనిచ్చేది కాదు. ఆ జడతోనే వచ్చి దోమ ముందు కూర్చునేదాన్ని. అనుమానం తీరక సోమవారం సాంబ్రాణి పట్టిన తువ్వాలు పక్కన పెట్టుకుని చూస్తే, గీత అలాగే పడిపోయింది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెబితే శుక్రవారాలన్నీ తీసెయ్యాలి, అవి తీసేస్తే నివేదికకు చాలినన్ని దోమలు మిగలవు. రెండు రోజులు పుస్తకంలో శుక్రవారాలు లెక్కపెట్టుకుంటూ గడిపాను. మూడో రోజు చెప్పేశాను.

మేడమ్‌గారు పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

"చెప్పకుండా ఉండలేకపోయావా అమ్మా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది.

"ఉండలేకపోయానండి."

ఎర్ర కలం తీసి శుక్రవారాలన్నీ ఆవిడే కొట్టేశారు. పేజీలు నేను తిప్పాను. ప్రాజెక్టు పొడిగించలేదు.

ఇంట్లో మాత్రం నిజం చెప్పలేదు. ఉద్యోగం తన పొగవల్ల పోయిందంటే అమ్మ తట్టుకోలేదు. ఆ వాసన చూస్తే బాధగా ఉండి, తలనొప్పి వస్తోందని వంక పెట్టి సాంబ్రాణి మానేశాను. నాలుగు వారాలు అడిగి చూసింది. తర్వాత ఏమీ అనకుండా బుట్టను అటకెక్కించింది. పిల్లకు నా చెయ్యి అక్కర్లేకపోయిందని ఆవిడ అనుకునే ఉంటుంది. అది కాదమ్మా అని చెప్పడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

అప్పట్లో సాంబ్రాణి మనిషి కోసం వేసేవారు, ఇప్పుడు దోమ కోసం వేస్తున్నారు. మొన్న కోడలు వంటింట్లోకి వెళ్ళాక, పలచబడిన నా జుట్టు విప్పుకుని, ఆ కప్పు ఆరిపోయేదాకా దాని దగ్గరే తల వంచుకుని కూర్చున్నాను.