అతుకు దొరకని మేఘం

ఫోటో స్టూడియోలో పనిచేసే ఆ అమ్మాయికి నెబ్యులాలంటే, అంటే నక్షత్రాల నడుమ మెరిసే మేఘాలంటే, పిచ్చి. చిరిగిన బట్టను అతుకు తెలియకుండా రఫూ చేసే ఆమె తల్లికేమో, ఏ పనికైనా సరే, వంక పెట్టందే ముద్ద దిగదు.

కూతురి మొదటి ఫోటో చూసి, "మధ్యలో ఈ తెల్ల మచ్చేంటే? ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయావా?" అంది.

నిజమే. కెమెరాను నిమిషాలపాటు తెరిచి ఉంచితే అంచుల్లోని పల్చటి పొగలు వచ్చాయి గానీ, వెలుగు ఎక్కువై మేఘం నడిబొడ్డు తెల్లగా వెలిసిపోయింది. కొన్ని సెకన్లే తెరిచిన ఫోటోలో నడిబొడ్డు నక్షత్రాలు ముత్యాల్లా ఉన్నాయి, పొగల జాడే లేదు. కూతురు కంప్యూటర్లో రెండోదాని మధ్యభాగం కత్తిరించి మొదటిదాని మీద పెట్టింది. చుట్టూ గుండ్రంగా గీత పడింది.

"ఇది రఫూ కాదే, మాసిక!" అని తల్లి తీసిపారేసింది.

కూతురికి ఒళ్లు మండింది. అయినా తల్లి పక్కన కూర్చుని ఆవిడ చేతులనే చూసింది. ఆవిడ దారాన్ని చిరుగు అంచున ఆపడం లేదు. మంచి బట్టలోకి దూరంగా తీసుకెళ్లి, పోనుపోను పలచగా వదిలేస్తోంది. కూతురూ మధ్యభాగం అంచును అలాగే పలచబరిచి చుట్టూ ఉన్న వెలుగులో కలిపేసి, ఫోటో మళ్లీ అచ్చు తీసి తెచ్చింది.

తల్లి కళ్లజోడు పెట్టుకుని, వేలితో తడిమి, అలవాటుగా వెనక్కి తిప్పి కూడా చూసింది. "ఊఁ" అని ఊరుకుంది.

మర్నాడు కూతురు తల్లి రఫూ దుకాణం గుమ్మం ఎక్కుతుంటే లోపల ఎవరో కోటు చూపిస్తూ, "అతుకు కనపడదు కదండీ?" అని అడుగుతున్నారు.

తల్లి గోడకు తగిలించిన మేఘం ఫోటోను చూపించింది.

"ముందు అందులో అతుకు పట్టుకోండి చూద్దాం. మా అమ్మాయి పని. నాకే దొరకలేదు."