సూరత్‌కు బట్ట ఎవరు తీసుకెళ్తారు?

ఈ మధ్య వరద సహాయానికి వెళ్లే అమ్మాయిలు ఏం తీసుకెళ్లాలో చెప్పమని నన్ను అడుగుతున్నారు. నేను వెళ్లింది తొంభైల చివర్లో, అదీ సంఘసేవకు కాదు, మా మరదలు రజిత కోసం. సూరత్‌లో నవాగామ్‌లో ఉండే మా మేనత్త లచ్చవ్వ ఒక పొద్దున సిరిసిల్లలో మా వీధి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయి, అందరూ బడిలో తలదాచుకున్నారు, ప్రాణాలకేం భయం లేదు. అంతా చెప్పాక గొంతు తగ్గించి, "రజిత బయటున్నది బిడ్డా. పాయఖానకు పోవుడు పడ్తదని నీళ్లు గూడ తాగుతలేదు. నువ్వు కుట్టుపని దానివి గదా, ఏమన్న జెయ్యి" అంది. నెలసరి మాట అంతకంటే విప్పి చెప్పడం అత్తకు రాదు.

ఆ రోజే బస్సులో కరీంనగర్ మీదుగా కాజీపేట చేరాను. అక్కడ సాయంత్రం అహ్మదాబాద్ వెళ్లే రైలెక్కితే మర్నాడు మధ్యాహ్నం సూరత్‌లో దిగొచ్చు. స్లీపర్ టికెట్ అప్పట్లో రెండొందల చిల్లర. భుసావల్‌లో అరటిపండ్లు కొనుక్కోండి, ఆ తర్వాత మంచి తిండి దొరకదు. స్టేషన్ బయట దొరికిన ఆటో అతను మన జగిత్యాల వైపు మనిషే. నవాగామ్‌కు ముప్పై రూపాయలన్నాడు, బురద అడ్డొచ్చినచోట దింపేస్తానని ముందే చెప్పాడు.

"సంచిల ఏమున్నయక్కా, గింత బరువున్నది?"

"సూదులు, దారం, రెండు కత్తెర్లు, సబ్బులు."

"బట్టలు తేలేదా?"

"సూరత్‌కు బట్టలు ఎవరన్న మోస్తరా తమ్మీ?"

"గదీ నిజమే" అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంత తెలివితక్కువ నవ్వు జన్మలో నవ్వలేదు.

బడిలో ఆడవాళ్లకు రెండు గదులిచ్చారు, మగవాళ్లు వరండాలో ఉన్నారు. ఉన్న ఒక్క పాయఖానా వాళ్లను దాటుకుని వెళ్తేగానీ రాదు. రజిత గోడకు ఆనుకుని కూర్చుంది. పెదాలు పగిలి, కళ్లు లోపలికి పోయాయి. ఆ పిల్లను చూడగానే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరో సేఠ్ పంపిన చీరల ముక్కలు మూలన గుట్టగా ఉన్నాయి. కొంగు బిగించి, ఒకటి తీసి నాలుగు మడతలు వేసి, ఎంత పీలుస్తుందో చూద్దామని చెంబుతో నీళ్లు పోశాను. నీళ్లు జారిపోయి రజిత పాదాల మీద పడ్డాయి.

"వదినా, అది పాలిస్టర్" అంది రజిత నీరసంగా. సూరత్ చీరలకు దారాలు కత్తిరించే పని దానిది, బట్ట సంగతి దాని వేళ్లకు తెలుసు. "ఇందుల ఏదీ ఆగది. గందుకే లేస్తలేను. లేస్తే అందరికీ కనవడ్తది."

మా ఇంటి పక్కన నాలుగు మగ్గాల మీద పొద్దస్తమానం కాటన్ లంగాబట్ట నేస్తారు. దాన్ని వదిలేసి నేను కత్తెర్లు మోసుకొచ్చాను. బజారు చూస్తే బురదలో ఉంది, దుకాణాలు మూసేశారు. ఇక్కడ కాటన్ ఎక్కడుంటుందని తల పట్టుకుంటే, రజిత కిటికీలోంచి వరండా వైపు చూసి చిన్నగా నవ్వింది.

"అగో, కాటనంత ఆడ కూసున్నది."

మన వైపు నుంచి వలసొచ్చి మరమగ్గాల మీద పనిచేసే మనవాళ్లందరూ గళ్ల లుంగీల్లో ఉన్నారు. "నీ నోరు పాడుగాను, మీ నాయిన లుంగీ అడుగుమంటవా?" అని అత్త నోరు నొక్కుకుంది. బయటున్న ఆడదాని నీడ కూడా మగవాళ్ల బట్టల మీద పడనివ్వని ఇల్లు అది. అయినా కూతురి ముఖం చూసి లేచింది. రెండుసార్లు గడప దాకా వెళ్లి, రెండుసార్లూ అడగకుండానే తిరిగొచ్చింది. ఇక నేనే రజిత నాయన, మల్లయ్య మామ దగ్గరికి వెళ్లాను.

"మామా, లుంగీలు గావాలె."

"ఎన్ని?"

"ఎన్నుంటే అన్ని."

"ఎందుకు కోడలా?"

వాగుడుకాయనని పేరున్న నేను ఒక్క మాటతో సరిపెట్టాను. "ఆడోళ్లకు" అన్నాను.

మామ లేచి గోడ వెనక్కి వెళ్లి, తడి ప్యాంటు తొడుక్కుని, లుంగీ మడిచి నా చేతిలో పెట్టాడు. మిగతావాళ్లతో ఏం చెప్పాడో నాకు తెలియదు. కాసేపట్లో పదకొండు లుంగీలొచ్చాయి.

బడిలో అందరికీ వండిపెడుతున్న వంటాయన ఏమీ అడక్కుండా మరిగే నీళ్లు రెండు బకెట్లిచ్చాడు. సబ్బుతో ఉతికి డాబా మీద ఆరేస్తే, ఆ రోజు అదృష్టంకొద్దీ ఎండ కాసింది. నేను నాకు తెలిసిన పద్ధతిలో మందంగా కుట్టబోతే రజిత చెయ్యి పట్టుకుంది.

"గిట్ల కుడితె లోపల ఆరది వదినా. మడిచి పెట్టుకునేటట్టు జెయ్యి. ఇప్పితే దస్తీ లెక్క ఉండాలె. తాడు మీద ఆరేస్తే ఎవలూ గుర్తువట్టద్దు."

నిజమే, చూస్తే చేతిరుమాలులా ఉండాలన్నది నాకు తట్టనే లేదు. మడత జారకుండా రెండు కొసలకు ఉచ్చులు కుట్టాం. నడుముకు కట్టుకోవడానికి మాత్రం ఆ చీరల ముక్కల్లోంచి లాగిన పాలిస్టర్ దారం పనికొచ్చింది, తడిసినా బరువెక్కదు. దాన్ని పేని, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేసింది రజిత. ఆ ముడి జారదు. చీకటి పడ్డాక లాంతరు వెలుగులో కూడా కుట్టి, ఇద్దరం కలిసి ముప్పై దాకా చేశాం.

మొదటిది రజితకే. అత్త దుప్పటి అడ్డం పట్టుకుని తీసుకెళ్లింది. వరండాలో మగవాళ్లందరూ గోడ వైపు తిరిగి కూర్చున్నారు. తిరిగొచ్చాక రజిత నా పక్కన చతికిలబడి, "నీళ్లియ్యుండ్రి" అంది. గ్లాసు మీద గ్లాసు, రెండు గ్లాసులు తాగింది. అత్త మూడోది ముంచుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు డాబా మీద తాడు నిండా గళ్ల దస్తీలు ఎగురుతున్నాయి. కింద ఆ బురదలో మనవాళ్లందరూ ప్యాంట్లతో తిరుగుతున్నారు. ఎందుకని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ మనుషుల మీద నాకు కలిగిన ప్రేమ ఇప్పటికీ తగ్గలేదు. ఆపదలో ఉన్నవాళ్లకు ఏం కావాలో మనకే తెలుసని బయల్దేరతాం. నా విషయంలో దారి చూపింది దాహంతో లేవలేక కూర్చున్న పిల్లే.

మీరు వెళ్తే ముదురు రంగు గళ్ల కాటన్ లుంగీలు ఉతికి తీసుకెళ్లండి. కత్తెర పెట్టే ముందు మాత్రం, వీటిని ఎక్కడ ఆరేసుకుంటారని అక్కడి ఆడవాళ్లను అడగండి. నేను ఇప్పటికీ సూరత్ వెళ్తే మామకు రెండు లుంగీలు పట్టుకెళ్తాను. ఒకటి తను కట్టుకుంటాడు. రెండోది మడత విప్పకుండానే రజిత చేతికిస్తాడు.