రామదాసు ఏరిన కంప్రెసర్

రాయచూరు బజారులో ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు. స్పేర్ పార్టుల రామదాసు చవకగా వస్తుందని బొమ్మలాంటి కంప్రెసర్ ఏరి తమ్ముడి జీపులో పెట్టించాడట, దాంతో డ్రైవరు సూగప్ప కాలు పోయిందట. చెప్పేవాళ్లలో ఒక్కరు కూడా ఆ జీపు బానెట్ ఎత్తి చూసిన పాపాన పోలేదు. చూసింది రామదాసు భార్య కన్యక. కాబట్టి జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకోవాలి.

రామదాసు తమ్ముడు విజయకుమార్‌కు కరెంటు ప్లాంటులో బూడిద చెరువు కాంట్రాక్టు ఉంది. పేరుకే చెరువు. కాలిన బొగ్గు బూడిదను నీళ్లతో కలిపి వదిలితే ఎకరాల కొద్దీ పరుచుకున్న బూడిద బురద అది. కట్ట ఎక్కడ నెర్రె విచ్చిందో, పైపు ఎక్కడ కారుతుందో చూడటానికి జీపు రోజూ అందులో తిరగాలి. టైర్లు గట్టిగా ఉంటే దిగబడిపోతాయి. అందుకే చెరువులోకి దిగేముందు గాలి సగం తీసేస్తారు. పని అయ్యాక రోడ్డెక్కే ముందు మళ్లీ కొట్టుకోవాలి. మెత్తటి టైర్లతో హైవే మీద పోతే ఏదో ఒక మలుపులో టైరు రిమ్మును వదిలేస్తుంది. పని ముగిసిన సైరన్ మోగాక బండిని గేటు లోపల నిలవనివ్వరు కూడా. అంటే జీపులోనే కంప్రెసర్ ఉండాలి, అది చకచకా కొట్టాలి.

ఏది పెట్టాలో తేల్చే పని రామదాసు మీద పడింది. నట్టు చూసి బండి పేరు చెప్పే మనిషి, బజారంతా ‘శెట్రే’ అని పిలిచే పెద్దశెట్టి, ఆయన్ని కాక ఇంకెవరిని అడుగుతారు? విజయకుమార్ మాత్రం ముందే నారింజ రంగు సంచిలో ఒక బ్యాటరీ కంప్రెసర్ పట్టుకొచ్చాడు.

“గిది సాలదా అన్నా? బ్యాటరీకి తగిలిస్తే అయిపాయె. సంచిల ఏస్కొని యాడికన్న తీస్కపోవచ్చు.”

“నీకు మిషన్ నచ్చిందా, సంచి నచ్చిందారా?” అన్నాడు రామదాసు.

సూగప్ప చేత దుకాణం ముందే నాలుగు టైర్ల గాలీ తీయించాడు. రెండు టైర్లకు ఆ చిన్న మిషన్ బాగానే కొట్టింది. మూడోది సగమవగానే మూలిగి ఆగిపోయింది. సూగప్ప వేలు పెట్టి చూసి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

“శెట్రే, దీని మీద జొన్నరొట్టె కాల్చుకోవచ్చు!”

ముగ్గురూ నవ్వారు. అది చల్లారేలోగా రెండుసార్లు చాయ్ తాగడం అయింది.

“ఇంట్ల సైకిల్‌కు పెట్టుకోపో,” అని రామదాసు దాన్ని తమ్ముడి చేతిలో పెట్టాడు. తర్వాత వారం రోజులు వెతికి ఒక పాత కారు ఏసీ కంప్రెసర్ తెచ్చాడు. దాన్ని గాలి కొట్టేలా మార్చి, వెల్డింగ్ ఈరేశ్‌తో ఇంజను పక్కన బిగించి, బెల్టు తగిలించాడు. కింద బూడిద పీలిస్తే మిషన్ నాలుగు రోజులకే అరిగిపోతుందని, గాలి పీల్చే పైపును జీపు పైకప్పు దాకా లాగి కొసకు ఫిల్టర్ కట్టాడు. చాయ్ చల్లారేలోపు నాలుగు టైర్లూ నిండాయి. సూగప్ప ఆ పైపును ఏనుగు తొండం అన్నాడు. ఎనిమిది నెలలు ఆ ఏనుగు ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

ఆ తర్వాతే హైవే మీద చిక్కసూగూరు దగ్గర మలుపులో జీపు బోల్తా పడింది, రెండు టైర్లు ఇంకా మెత్తగానే ఉన్నాయి. సూగప్ప కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. రోడ్డు మీద నారింజ సంచి దొరికింది. ఆస్పత్రి వరండాలో పదిమంది ముందు విజయకుమార్, “అన్న ఏరిందే పెట్టినం. గాలి మిషన్ల సంగతి నాకేం ఎరుక?” అన్నాడు. కన్యక అక్కడే ఉంది. భర్త ఏదో ఒకటి అంటాడని చూసింది. ఆయన చెప్పులు చూసుకుంటూ నిలబడ్డాడు.

ఆనాటి నుంచి దుకాణానికి మనుషులు వస్తూనే ఉన్నారు, నట్లూ బోల్టులూ కొంటూనే ఉన్నారు. “ఏది మంచిది శెట్రే?” అని మాత్రం ఎవరూ అడగడం లేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క మాట మీదే బతికిన మనిషి కౌంటరు వెనక బొమ్మలా కూర్చుంటున్నాడు. కన్యక యరమరస్‌లో సూగప్ప ఇంటికి వెళ్లి అతని భార్య పంపమ్మకు అన్నం డబ్బా ఇవ్వబోతే ఆమె వాకిట్లోనే ఆపింది.

“ఆ చేతుల అన్నం మాకొద్దమ్మా. మా ఆయన మీ శెట్టిని దేవుడి లెక్క నమ్మిండు.”

కన్యక డబ్బాతో ఇంటికి రాలేదు, నేరుగా ఈరేశ్ షెడ్డుకు పోయింది. నుజ్జయిన జీపు అక్కడే పడి ఉంది. బానెట్ ఎత్తమంది. ఇంజను పక్కన నాలుగు బోల్టు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి. తొండం పైపు మాత్రం పైకప్పు నుంచి లోపలిదాకా వచ్చి, దేనికీ తగలకుండా వేలాడుతోంది.

“ఈ పైపు కొసకు ఉండాల్సింది ఏది, ఈరేశా?”

“నన్నడగకమ్మా.”

“నిన్నడగక గోడనడుగుతనా? యాడ పోయిందది?”

ఈరేశ్ గొంతు తగ్గించాడు. “మీ మరిది చిన్నశెట్టి సొంత జీపుల ఉంది. దోస్తులతోని గుట్టలెక్కనీకి. రెండు ఆదివారాలకే అనిరి. దీనికి సంచిల మిషన్ ఇచ్చిరి.”

“ఎవరు ఊడదీసిండ్రు?”

ఈరేశ్ గ్రైండర్ ఆన్ చేశాడు. మరిది కాక ఇంకెవరని ఆమె అనుకుంది.

ఇంటికొచ్చేసరికి రామదాసు భోజనానికి కూర్చుని ఉన్నాడు. ఆమె కంచం పెట్టలేదు.

“తప్పు మీ తమ్ముడిదైతే మాట మీరెందుకు పడుతున్నరు? మీరు ఏరింది మంచిదని ఇప్పుడే పోయి పంపమ్మకు చెప్పొస్త. ఎందుకు చెప్తలేరు మీరు? ఇయ్యాల నాకు జవాబు కావాలె.”

రామదాసు తన రెండు చేతులూ ఆమె ముందు చాపాడు.

“ఏరింది నేనే. బిగించింది నేనే. తమ్ముడడిగితే స్పానర్ పట్టి ఊడదీసింది గూడ నేనే, కన్యకా. సూగప్ప పక్కన్నే నిలబడి నా మొహం జూసిండు. వద్దు శెట్రే అందామంటే వాడు జీతగాడాయె. రెండు టైర్లకే ఆ సంచి మిషన్ కాగి ఆగుతదని మా ఇద్దరికీ ఎరుకే. తెలివిలేక తెచ్చిండని బజారంటున్నది గదా, అననియ్యి. తెలిసే చేసిండని నువ్వు పోయి చెప్పకు.”