భూలక్ష్మి గారి కుడిచేయి

బమ్రోలిలో భూలక్ష్మి గారి ఇంటి గడప దగ్గర కదలకుండా కూర్చున్న కుక్కకు మీరు చేతులు జోడించారు, ఫొటోలు తీసుకున్నారు, ‘ఎంత విశ్వాసం’ అని కన్నీరు పెట్టుకున్నారు. ఒక్క ప్రశ్న అడుగుతాను: దానికి లెమ్మని ఎవరైనా చెప్పారా?

మన శునక క్రీడా శిక్షణ సంఘానికి ప్రాణం పోసిన భూలక్ష్మి గారు గత వారం హృద్రోగంతో ఆకస్మికంగా అస్తమించారు. కళాశాల గ్రంథాలయంలో ఉండగా నాకా వార్త చేరింది. ఆ ఉదయం బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్తూ, తన కుక్క లాలీని గడప దగ్గర కూర్చోమని సైగ చేశారట. మెట్ల మీదే కుప్పకూలారు. ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చింది పార్థివ దేహమే. అంతిమయాత్రకు ఆ దేహాన్ని గడప దాటిస్తున్నప్పుడు లాలీ ఆమె ముఖం వైపు చూడలేదు. గుడ్డ కింద ఉన్న కుడిచేతి వైపు చూసింది. ఆ చూపు నన్ను విడిచిపెట్టడం లేదు.

ఆమె యౌవనమంతా మరమగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టడంలోనే గడిచింది. ఆ హోరులో మాట వినబడదు గనుక, నీళ్లు కావాలన్నా, పోగు తెగిందన్నా కార్మికులు చేతులతోనే చెప్పుకుంటారు. ఆ మౌనభాషనే ఆమె మన మైదానానికి తెచ్చారు. అట్ట గొట్టాల మీదుగా దూకే, పాత టైర్లలోంచి దూరే మన కుక్కలన్నీ ఆ సైగలకే పరుగెత్తాయి. కూర్చోమనే సైగ అందరికీ ఒక్కటే. లెమ్మనే సైగ మాత్రం ఏ ఇంటికి ఆ ఇంటిదే. పరాయివాడు కుక్కను పిలుచుకుపోరాదని ఆమె పెట్టిన నియమం. అందుకే ఇంటిల్లిపాదీ వచ్చి నేర్చుకోవాలని పట్టుబట్టేవారు.

రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరల పార్సిళ్లు కట్టే సభ్యుడొకరు ఒకసారి విసుక్కున్నారు. “ఇంట్ల ఒక్కలు నేర్సుకుంటె సాలదా వదినా? అందరమొస్తె వంటెవరు జేస్తరు, కుక్కనా?”

“నువ్వు పొద్దంత మార్కెట్ల ఉంటవ్, కుక్క ఇంట్ల ఉంటది. లెమ్మనే సైగ జేబుల ఏసుకొని నువ్వు పోతె అదేం జెయ్యాలె?” అన్నారామె. మరుసటి ఆదివారం ఆయన తల్లిని కూడా తీసుకొచ్చారు. కుక్కను చూసి వణుకుతున్న ఆ వృద్ధురాలితో భూలక్ష్మి గారు, “భయపడు పెద్దమ్మా, తప్పు లేదు. భయపడుకుంటనే జర చెయ్యి లేపు” అన్నారు. కుక్క లేచింది. పెద్దమ్మ రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ చెయ్యి లేపింది.

వాదప్రతివాదాల్లో ఆరితేరానన్న ధీమాతో నేనూ ఒకనాడు ఆమెను నిలదీశాను: “అత్తా, చెప్పినట్టు వినుడు నేర్పుతున్నవ్ గదా, గది గులాంగిరీ కాదా?”

“కూసోబెట్టుడు అల్కగనే ఉంటది బిడ్డా. లేపుడు యాదికుండాలె. మరిస్తె మాత్రం నువ్వన్నట్టు గులాంగిరే.”



ఇంటిల్లిపాదీ నేర్చుకోవాలన్న నియమం ఆమె ఇంట్లోనే అమలు కాలేదు. వారికి సంతానం లేదు. భర్త మల్లేశం గారికి మగ్గాల మీద సెలవు దొరకడమే అరుదు. “ఆదివారమైతె రమ్మని పిలిచేది బిడ్డా. నువ్వున్నవ్ గదా, నాకెందుకే అనేటోన్ని” అన్నారాయన నాతో.

లాలీ నీళ్లకు లేచినా, బయటికి వెళ్లినా, తిరిగి అదే గడప దగ్గర, అదే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుంటోంది. గిన్నెలో తిండి మిగిలిపోతోంది. షిఫ్టు నుంచి రాగానే మల్లేశం గారు దాని ముందు గొంతుకూర్చుని, మగ్గాల మధ్య తనకు తెలిసిన సైగలన్నీ ఒక్కొక్కటిగా చేస్తున్నారు. నీళ్లు. పోగు. చాయ్. మోటారు బంద్. లాలీ ఆ చేతిని శ్రద్ధగా చూస్తుంది; కదలదు. తాడు వేసి లాక్కుపోదామని ఎవరో అంటే ఆయన అడ్డుపడ్డారు: “గుంజకుండ్రి. ఆమె కూసోబెట్టింది.”

మన కుటుంబాలను ఒక మైదానంలో నిలిపిన ఆ మహనీయురాలి లోటు పూడ్చలేనిది. ఆమె స్మృతికి శిరసు వంచి, ఒక్కటే అర్థిస్తున్నాను. మైదానంలో లాలీని లేపేటప్పుడు ఆమె మనకు వీపు చేసి నిలబడేవారు. మనం కుక్క పరుగునే చూశాం. కానీ అవతలి గోడ మీద కూర్చున్న మీ పిల్లలు ఆమెకు ఎదురుగా ఉండేవారు. ఆ సైగ ఏమిటో వారిని అడగండి. ఈ ఆదివారం బమ్రోలికి వెంటబెట్టుకొని రండి. సరిగా గుర్తులేకపోయినా సరే, గుర్తున్నంత మల్లేశం గారికి చూపించమనండి.